డిప్యూటీ డైరెక్టరు గారి నాన్న

కోస్తనాయ్
సెప్టెంబరు 9

బావా,

చేత్తో ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు. అక్షరాలు కోడి గీకినట్టున్నాయని నవ్వకు. ఇది నా సరదా కాదు, ఆఫీసు పని.

మా పిండి మిల్లు డైరెక్టరు ఐదుగురిని ఏరి ఏడు నెలల లీడర్‌షిప్ క్లాసుల్లో కూర్చోబెట్టాడు. చివర్లో ఆ ఐదుగురిలో ఒకరు డిప్యూటీ డైరెక్టరు అవుతారు. ప్యాకింగ్ సెక్షన్‌లో పన్నెండు మందిని అదిలించుకుంటూ బతికే నేను కూడా ఆ ఐదుగురిలో ఉన్నాను. నమ్ముతావా? పాఠాలు చెప్పేది అల్మాటీ నుంచి వచ్చిన జన్నత్ తిలేవ్నా. మొదటిరోజే ఒక రూలు పెట్టింది. ప్రతివాళ్ళూ మిల్లుకి బయట ఒక 'అద్దాన్ని' వెతుక్కోవాలి. ఆ అద్దం మనకి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఫోన్‌లో అయితే మనుషులు తియ్యగా మాట్లాడి తప్పించుకుంటారట, అందుకని చేత్తో ఉత్తరాలే రాయాలి. మిగతావాళ్ళు పెళ్ళాల పేర్లు, పాత మేష్టర్ల పేర్లు ఇచ్చారు. నేను నీ పేరిచ్చాను. మా అక్కని చేసుకున్న రోజు నుంచీ నన్ను ఏడిపించని పూట లేదు కదా, ఆ నోటికి ఇన్నాళ్ళకి ఒక పని దొరికింది.

అసలు సంగతి వేరే ఉంది. డిప్యూటీ అయితే కంపెనీ మూడు గదుల ఇల్లిస్తుంది. నాన్నని తెచ్చేసుకుంటాను. చూసుకోవలసిన చిన్నకొడుకు ఉండగా కూతురింట్లో రెండు చలికాలాలు గడిపాడని మీ షూ ఊళ్ళో స్టేషనంతా చెప్పుకుంటున్నారని నాకు తెలుసు. నేనుండే హాస్టల్ గదిలో ఆయన్ని ఎక్కడ పడుకోబెట్టను? మార్చి నెలాఖరుకి వచ్చి తీసుకెళ్తానని ఆయనకి చెప్పు. నా మాటగా చెప్పు.

నీ బావమరిది,
ఎర్కెబులాన్


షూ
సెప్టెంబరు 27

ఒరేయ్ బావమరిదీ,

మొత్తానికి నన్ను అద్దాన్ని చేశావు. సరే, ముందు మొహం కడుక్కుని వచ్చి నిలబడు.

నా కింద రైలు డిపోలో నలభై మంది ఫిట్టర్లున్నారు. ఇరవై రెండేళ్ళుగా వాళ్ళ చేత ఇంజన్లు బాగుచేయిస్తున్నాను. నన్నెవడూ క్లాసుకి పంపలేదు. సగం మంది నా మాట వింటారు, మిగతా సగం మంది వింటున్నట్టు నటిస్తారు, బండి మాత్రం టైముకి కదులుతుంది. మీ మేడమ్ గారికి ఇది పనికొస్తే రాసుకోమను.

నీ ఉత్తరం మీ నాన్నకి చదివి వినిపించాను. అప్పుడే స్టేషన్‌లో డ్రైవర్లతో చదరంగం ఆడి, వాళ్ళ బంట్లు రెండు జేబులో వేసుకుని మరీ గెలిచొచ్చాడు.

"ఎన్ని నెలలన్నావు?"

"ఏడు, మామయ్యా."

"అయితే నెలలు నిండని నాయకుడన్నమాట," అన్నాడు. మీ అక్క కుల్యాష్ నవ్వలేక టీ పొలమారి చచ్చింది.

తర్వాత కాసేపు గడ్డం గోక్కుని ఇంకో మాట అన్నాడు. "కోతల్లో ముప్పై ఏళ్ళు పనివాళ్ళ బ్రిగేడు నడిపాను. నాకు తెలిసిన విద్య ఒక్కటే. కుండ దగ్గరికి అందరికన్నా ఆఖర్న వెళ్ళాలి. అడుగున ఏం మిగిలిందో చూస్తే ఆ రోజు ఎవరికి కడుపు నిండలేదో తెలిసిపోతుంది. వాడికి రాయి." రాశాను.

మర్నాడు పొద్దున లేచి చూస్తే గుమ్మం పక్కన ఆయన పెట్టె సర్దేసి ఉంది. ఇంకా ఆరు నెలలుంది మామయ్యా అన్నాను. "సర్దుకోవడం నా పని, ఆగడం కూడా నా పనే. నీకేం నష్టం?" అన్నాడు. పెట్టె అక్కడే ఉంది. నేనిప్పటికి రెండుసార్లు దానికి తట్టుకుని పడ్డాను. తొందరగా డిప్యూటీవి అవ్వు, నా మోకాళ్ళు మిగుల్తాయి.

ఒరజాలి


కోస్తనాయ్
నవంబరు 14

గౌరవనీయులైన బావగారికి,

మీ ఉత్తరాన్ని క్లాసులో నేర్చుకున్న పద్ధతిలో పరిశీలించాను. ముందు ఒక మంచి మాట చెప్పాలి, తర్వాత దిద్దుకోవలసినది చెప్పాలి, చివర మళ్ళీ ఒక మంచి మాట. మీ దస్తూరి చక్కగా ఉంటుంది. మీరు ప్రతిదాన్నీ ఎగతాళి చేసి అసలు విషయం తప్పించుకుంటారు. మీరు ఉత్తరాలు సమయానికి రాస్తారు. దయచేసి దీన్ని వ్యక్తిగతంగా తీసుకోవద్దు.

నాకు గట్టి పోటీ లేబొరేటరీ చూసే లుద్మీలా పావ్లోవ్నా. పని తెలిసిన మనిషి, కానీ కింది వాళ్ళని గారం చేస్తుంది. ఆ తప్పు నేను చెయ్యడం లేదు.

పోయిన వారం మా సెక్షన్‌కి అభ్యాసం పెట్టాం. అందరం గుండ్రంగా కూర్చున్నాం. 'మనల్ని వెనక్కి లాగుతున్నదెవరు' అన్న ప్రశ్నకి పన్నెండు మందీ చీటీలు రాశారు. తొమ్మిది చీటీల్లో సబిర్జాన్ పేరొచ్చింది. మూటలెత్తే హమాలీ, యాభై ఎనిమిదేళ్ళవాడు. గేటు నుంచి టపా తెచ్చిచ్చేది కూడా అతనే. రూలు ప్రకారం పేరు ఎక్కువసార్లు వచ్చినవాళ్ళు లేచి అందరికీ థాంక్స్ చెప్పాలి. అతను టోపీ తీసి చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు. "థాంక్స్ పిల్లలూ. నడుం పట్టేసింది, అందుకే నెమ్మదించాను," అన్నాడు. "కారణాలు వద్దు. కృతజ్ఞత ఒక్కటే," అంది జన్నత్ తిలేవ్నా. మళ్ళీ చెప్పాడు, ఈసారి కారణం లేకుండా.

నాకు మొదట ఒంట్లో ఏదోలా అయింది. దాన్ని పాత మొహమాటం అంటారట, వదిలించుకోవాలట. వదులుతోంది.

ఇట్లు,
ఎర్కెబులాన్ కైరొల్లా


షూ
డిసెంబరు 2

ఒరేయ్,

'మీరు' అంటున్నావేంట్రా, ఎవరు చచ్చారు?

నీ మంచి-చెడు-మంచి పద్ధతి మా డిపోలో వాడి చూశాను. వీత్య అనే ఫిట్టరుని పిలిచి, "వీత్యా, నీ కళ్ళు బాగుంటాయి. బ్రేకు గొట్టం తలకిందులుగా బిగించావు. నీ బూట్లు బాగున్నాయి," అన్నాను. వాడు దగ్గరికొచ్చి నా నోరు వాసన చూశాడు.

సరే, నవ్వింది చాలు. అద్దం చెప్పవలసింది చెప్తాను. ఆ సబిర్జాన్ దగ్గరికి వెళ్ళి, నడుం ఎలా ఉందని అడుగు. చీటీ అక్కర్లేదు, గుండ్రంగా కూర్చోనక్కర్లేదు. నువ్వు అతన్ని నిలబెట్టి థాంక్స్ చెప్పించుకున్నావని చదివి, ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను.

మీ నాన్న ఉత్తరం చదవమన్నాడు. ఆ ముక్క మింగేసి మిగతాది చదివాను. "మధ్యలో ఆగావేం?" అన్నాడు. అక్షరాలు కలిసిపోయాయని చెప్పాను. నీ కోసం ఆయన దగ్గర అబద్ధమాడటం నాకిది మొదటిసారి. అలవాటు చెయ్యకు.

ఒరజాలి


కోస్తనాయ్
జనవరి 30

బావగారికి,

ఈసారి పద్ధతులేమీ లేవు. చిక్కులో పడ్డాను. సలహా కావాలి.

మార్చి 22న, కొత్త ఏడాది పండగ నౌరూజ్ విందులోనే డిప్యూటీని ప్రకటిస్తారు. దానికి జన్నత్ తిలేవ్నా మన ఆచారమే వాడుతోంది. ఉడికించిన గొర్రె తల తెచ్చి, ఎన్నికైన నాయకుడి ముందు పెడతారట. అతను దాన్ని కోసి తన బృందానికి పంచాలట. డైరెక్టరుకి ఇది భలే నచ్చింది.

మీకు తెలియనిదేముంది. తండ్రి బతికున్నవాడు ఆ తల ముట్టకూడదు. ముట్టాడంటే నాకు తండ్రి లేడని నలుగురిలో చెప్పినట్టే. ఐదుగురిలో తండ్రి ఉన్నది నా ఒక్కడికే. లుద్మీలా పావ్లోవ్నా నాన్న ఎప్పుడో పోయాడు. ఈ మాట క్లాసులో చెప్పాను. "ఎర్కెబులాన్, మీకు ముప్పై నాలుగేళ్ళు. ఇంకా ఎవరి నీడలో కూర్చున్నారు?" అంది ఆవిడ. డైరెక్టరు గడియారం చూసుకుని, "కుదరకపోతే చెప్పండి, తర్వాతి పేరు చూస్తాం," అన్నాడు. ఇల్లు పోతుంది బావా, నాన్నని తెచ్చుకోవడమూ పోతుంది.

ఏం చెయ్యమంటారు? ఎగతాళి లేకుండా చెప్పండి.

ఎర్కె


షూ
ఫిబ్రవరి 11

ఒరేయ్ బావమరిదీ,

దీనికింత ఏడుపెందుకు? నాన్న పోయాడని చెప్పెయ్. రెండు రోజుల రైలు ప్రయాణం చేసి ఎవడొచ్చి చూస్తాడు? సెలవు కూడా ఇస్తారు. ముసలాయనకి నేను చెప్పనులే, చదరంగంలో దొంగాటలాడే మనిషికి చచ్చిపోవడం ఒక లెక్కా.

ఆయన బజారుకెళ్ళి కొత్త టోపీ కొనుక్కున్నాడు, కోస్తనాయ్‌లో గాలి ఎక్కువట. ఇంట్లో కూడా అదే పెట్టుకుని తిరుగుతున్నాడు. భోజనానికి తియ్యమని మీ అక్క అరుస్తోంది. నన్ను కూడా పిలుస్తోంది, ఉంటా.

ఒరజాలి


కోస్తనాయ్
మార్చి 26

గౌరవనీయులైన బావగారికి,

శుభవార్త. ఈ ఉత్తరం రాస్తున్నది డిప్యూటీ డైరెక్టరు.

మీ సలహానే పాటించాను. ఫిబ్రవరి 24న క్లాసుకి ఆలస్యంగా వెళ్ళి, నాన్న పోయారని చెప్పాను. అందరూ లేచి నిలబడ్డారు. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు, చెప్పాను, తర్వాత మా సెక్షన్‌లోనూ చెప్పాను. లుద్మీలా పావ్లోవ్నా నన్ను పట్టుకుని ఏడ్చింది. బాధని దాచుకోకుండా చెప్పగలగడం నాయకుడి మొదటి లక్షణమని జన్నత్ తిలేవ్నా బోర్డు మీద రాసింది. ఐదు రోజులు సెలవిచ్చారు. పక్క ఊళ్ళో ఒక హోటల్ గదిలో కూర్చుని టీవీలో కుస్తీలు చూశాను. మొదటిరోజు కష్టంగా ఉంది, తర్వాత అలవాటైంది.

విందులో తల కోశాను. చెవి చిన్నవాళ్ళకిస్తారు కదా, మాట వినాలని. నేను దాన్ని సబిర్జాన్‌కి ఇచ్చాను. హాలంతా పగలబడి నవ్వింది. అతను కూడా రెండు చేతులా తీసుకుని తిన్నాడు. బృందంలో క్రమశిక్షణ ఇలాంటి చిన్న విషయాల్లోనే మొదలవుతుంది.

ఇల్లిచ్చారు. మూడు గదులు, దక్షిణం వైపు కిటికీలు. నాన్న విషయంలో ఒక చిక్కుంది. ఆయన లేరని ఇక్కడ అందరికీ తెలుసు. ఇప్పుడే తీసుకొస్తే బాగుండదు. కొంతకాలం ఆగి, మా పెదనాన్న అని చెప్పి తీసుకొస్తాను. మీరు మెల్లగా ఆయన్ని సిద్ధం చెయ్యండి.

క్లాసులు అయిపోయాయి కాబట్టి ఇక ఉత్తరాలు రాయనక్కర్లేదు. మీ సహకారానికి కృతజ్ఞతలు.

ఎర్కెబులాన్ కైరొల్లా


షూ
ఏప్రిల్ 8

డిప్యూటీ డైరెక్టరు గారికి,

మీ ఉత్తరం మూడో తేదీన అందింది. ఎవరికీ చదివి వినిపించలేదు. ఏం చెయ్యాలో తెలియక చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. నాలుగో తేదీన మీ మిల్లు నుంచి చుట్టాలొచ్చారు.

గేటు దగ్గర్నుంచే ముగ్గురు ఘొల్లుమంటూ వచ్చారు, చావింటికి వచ్చినట్టు. ఒకతను, ఇద్దరు ఆడవాళ్ళు. నేను డిపో నుంచి అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటున్నాను. తలుపు తీసింది మీ నాన్నగారు. కొత్త టోపీ పెట్టుకునే ఉన్నారు.

"ఎవరికోసం ఏడుస్తున్నారు నాయనా?"

"కైరొల్లా గారి కోసమండీ. మా సారు వాళ్ళ నాన్నగారు. ఇవాళ నలభయ్యో రోజు కదా," అన్నాడతను. "సారు రావద్దన్నారు. మనసొప్పలేదు. టపా నేనే తెస్తాను, కవర్ల మీద మీ అడ్రసు చూసి గుర్తుపెట్టుకున్నాను. నా పేరు సబిర్జాన్."

మీ నాన్నగారు గుమ్మంలో అలాగే నిలబడ్డారు. నేను నోరు తెరిచేలోపు ఆయనే అన్నారు. "అవును, నలభయ్యో రోజే. లోపలికి రండి. నేను వాడి అన్నని."

డిప్యూటీ గారూ, ఆ మాట నేను చెప్పలేదు. మీ ఉత్తరం నా జేబులోనే ఉంది. ఆయన నోటికి ఆయనంతట అదే వచ్చింది.

గొర్రెని కోయించమన్నారు, కోయించాను. మీ అక్క వంటింట్లో పిండి గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వచ్చినవాళ్ళకి అది ఎలాగూ చావింటి ఏడుపే. బయట మీ నాన్నగారు వాళ్ళకి టీ పోస్తున్నారు.

"మా తమ్ముడు ఎలా పోయాడని చెప్పాడు మీ సారు?"

"నిద్రలోనే పోయారటండీ. గుండె ఆగి."

"అదృష్టవంతుడు," అన్నారు.

"సారు ఎంత బాగా చెప్పారో," అంది ఒకావిడ. "కుండ దగ్గరికి అందరికన్నా ఆఖర్న వెళ్ళమని మా నాన్న నేర్పాడు అన్నారండీ. ఆ మాటకి మా సెక్షన్ అంతా ఏడ్చాం."

"అది గుర్తుందా వాడికి," అన్నారు మీ నాన్నగారు. ఆవిడ కప్పులో ఇంకాస్త టీ పోశారు.

తల తెచ్చి పెద్దవారని ఆయన ముందే పెట్టాను. పళ్ళెం సబిర్జాన్ వైపు తిప్పి, "మీరు కోయండి," అన్నారు. "మా నాన్న పోయి ముప్పై ఏళ్ళయింది, కోయొచ్చు," అని అతను చాకు తీసుకున్నాడు. మొదటి ముక్క మీ నాన్నగారికి పెట్టాడు. చెవి కోసి చేతిలో పట్టుకుని, "చిన్నవాళ్ళెవరూ లేరే ఇక్కడ," అని పళ్ళెంలోనే పెట్టేశాడు. అది ఎవరూ తినలేదు.

విందులో మీరు చేసింది ఆ ఆడవాళ్ళే నాకు చెప్పారు. అంత జరిగాక ఎందుకొచ్చావని అతన్ని అడిగాను. "తండ్రి పోయినవాడి మీద కోపం పెట్టుకోకూడదండీ," అన్నాడు.

మా గోడ మీద ఫోటో ఉంది, మీకు తెలుసు. కోత మిషను మీద మీ నాన్నగారు, ఆయన ఒళ్ళో నాలుగేళ్ళ మీరు. వెళ్ళేటప్పుడు సబిర్జాన్ దాని ముందు ఆగాడు. ఫోటో చూశాడు, ముసలాయన్ని చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. తర్వాత ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుని, "మీ తమ్ముడికి మంచి అన్న దొరికాడు," అని వెళ్ళిపోయాడు. మిల్లులో చెప్తాడో చెప్పడో నాకు తెలియదు. రోజూ పొద్దున అతని మొహం చూసి మీరే తెలుసుకోండి.

నా తప్పు నేను ఒప్పుకుంటాను. ఏడు నెలల్లో మీరు ఒక్కసారి నిజంగా అడిగారు. నేను పళ్ళికిలించాను. 'వద్దురా' అన్న ఒక్క మాట రాయలేకపోయాను. అందుకు సిగ్గుపడుతున్నాను. కానీ నేను ఎగతాళి చేశానని తెలియనంత చిన్నపిల్లాడివి కావు నువ్వు.

ఒరజాలి


కోస్తనాయ్
ఏప్రిల్ 17

బావా,

సబిర్జాన్‌కి నిజంగా తెలిసిపోయిందా? నీకు అలా అనిపించిందా, లేక అతను నోరు తెరిచి ఏమైనా అన్నాడా? రైల్లో ఆ ఆడవాళ్ళకి చెప్పి ఉంటాడంటావా? పొద్దున నాకు నమస్కారం పెట్టాడు. ఎప్పుడూ పెట్టేలాగే పెట్టాడు. అదే నాకు అర్థం కావడం లేదు. తీసేద్దామంటే బయటికెళ్ళి వాగుతాడేమో. ఉంచుకుందామంటే రోజూ ఎదురుపడతాడు. నువ్వు ఒకసారి అతనికి ఉత్తరం రాయి బావా. ఆయన నిజంగానే పెదనాన్నే, పోలికలు అలా ఉంటాయని రాయి. నీ మాట నమ్ముతాడు. ఆ ఫోటో గోడ మీంచి తీసెయ్.

నాన్నే ఆ మాట అన్నాడంటే ఒకరకంగా మంచిదే కదా. పెదనాన్నగా ఇక్కడికి రావడానికి ఆయనకి అభ్యంతరం లేదన్నమాట. మే నెలలో టికెట్టు పంపుతాను. ఒక్కటే జాగ్రత్త చెప్పు. ఇక్కడ నలుగురిలో నన్ను కొడుకా అని పిలవకూడదు.

వెంటనే రాయి.

ఎర్కె


షూ
ఏప్రిల్ 27

మా తమ్ముడి కొడుకు ఎర్కెబులాన్‌కి,

ఒరజాలి ఇక నీకు రాయనన్నాడు. అందుకని నేను రాస్తున్నాను. ఇన్నాళ్ళూ వాడు నీ ఉత్తరాలు మధ్యమధ్య మింగేసి చదివేవాడు. ఈసారి అన్నీ నా చేతికిచ్చి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచీ నేనే చదువుకున్నాను.

సబిర్జాన్ గురించి భయపడకు. అతను చెప్పడు. నువ్వు మాత్రం అతని నడుం ఎలా ఉందో అడుగు.

టికెట్టు పంపుతానన్నావు, నీ మంచితనం. వద్దు. మన వంశంలో పెదనాన్నలు తమ్ముడి కొడుకుల ఇళ్ళలో ఉండరు. పెట్టె విప్పేశాను. ఒరజాలి మోకాళ్ళు బాగున్నాయి.

శుక్రవారం కుల్యాష్ చేత మీ నాన్న పేరు మీద ఏడు రొట్టెలు వేయించాను. పోయినవాళ్ళకి చేసేదే కదా. ఆరు ఇరుగుపొరుగుకి పంచాను. ఏడోది నీకు పంపుతున్నాను. దారిలో గట్టిపడి ఉంటుంది, టీలో ముంచుకో. తినేముందు ఆయన కోసం దువా ప్రార్థన చదవడం మర్చిపోకు.

దాంతోపాటు ఒక టోపీ ఉంది. మీ నాన్న నీ ఊరు రావడానికి కొనుక్కున్నాడు. పోయినవాళ్ళ బట్టలు దగ్గరివాళ్ళకి ఇవ్వాలి. మీ ఊళ్ళో గాలి ఎక్కువట, పెట్టుకో.

ఇట్లు,
మీ పెదనాన్న